పట్టా ఎవరిది?

“నా పట్టా యాడ వోయింది బేటా?”

వెంచర్ మధ్యలో నిలబడి ముసలాయన అడిగిన ఆ ఒక్క మాటకు రత్నాకర్ గుండె గుభేలుమంది.

సరిగ్గా అప్పుడే ప్లాట్లు కొనడానికొచ్చిన మహేశ్వర్, అరుణ కారు దిగుతున్నారు. ఇబ్రహీంపట్నం చుట్టూ ఇన్ని వెంచర్లుండగా ఆ మొగుడూపెళ్లాలను ఇక్కడికి రప్పించేసరికి రత్నాకర్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. ఈ బేరం కూడా తప్పితే ఇక వెంచర్ మూసుకోవలసిందే.

“ఏం పట్టా తాతా? ఎవరు నువ్వు?”

“పాషా మియా అంటరు. యాచారం కెల్లి వచ్చిన. నా పట్టా ఈడనే ఉండె. గీడికెల్లి ఆ గుట్ట దాకా.”

ముసలాయన చేతికర్ర చాచి చూపించాడు. ఆ కర్ర చూపిన మేరంతా రత్నాకర్ పాతించిన హద్దురాళ్లే.

“పట్టా నా పేరు మీద ఉన్నది. పోయి నీ పని చూస్కో.”

ముసలాయన బోసినోటితో నవ్వాడు.

“నీ పేరు మీదనా? గదెట్ల ఉంటది బేటా! గది సర్కారుది.”

ఇంకేముంది, కొంప మునిగింది! మహేశ్వర్ చెవిన ఆ మాట పడనే పడింది.

“సర్కారు భూమి అంటున్నడేంది రత్నాకర్?”

“అయ్యో సార్, పిచ్చోడు! ఎల్లేష్, ఈన్ని తీస్కపోయి బయట పడెయ్!”

వాచ్‌మన్ ఎల్లేష్ ముసలాయన జబ్బ పట్టుకున్నాడు.

“జర ఆగు బేటా. ఈడ పాతోళ్లెవరన్న ఉన్నరా? ఒక్క ముచ్చట అడిగి పోత.”

“ఓహో, సాక్ష్యాలు గూడ తెస్తవా?” రత్నాకర్‌కు ఒళ్లు మండిపోయింది. తనే వెళ్లి రెండో జబ్బ పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఈడ్చుకుపోతుంటే ముసలాయన చెప్పు ఒకటి ఊడి మట్టిలో పడిపోయింది.

“నీళ్లు గూడ ఇయ్యకు ఎల్లేష్. ఇచ్చినవంటే ఈడనే పాతుకుంటడు.”

మే నెల ఎండ. గేటు బయట నిలువ నీడ లేదు.

బేరానికి వచ్చేవాళ్ల కోసం వేసిన టెంటులోకి రత్నాకర్ తిరిగొచ్చేసరికి అరుణ అప్పటికే లేచి నిలబడింది.

“మాకు కిరికిరి భూములు వద్దు.”

“అక్కా, జర కూసో. ఈ నేల నాది గాదని ఎవడంటడు? నేను పుట్టిందే ఈడ, రైల్ల!”

“రైల్లనా? ఇక్కడ రైలేంది?”

రత్నాకర్ గొంతు సవరించుకున్నాడు. ఇది అతను వచ్చినవాళ్లందరికీ చెప్పే ముచ్చటే. కాకపోతే ఈసారి ప్రాణం పెట్టి చెప్పాడు.

“గుట్ట కాడి కంకర మోసే రైలు ఉండె అక్కా. నాకు నడక వచ్చేలోపే బందయింది, ఇనుమంత పీక్కపోయిండ్రు. మా అమ్మకు నొప్పులొచ్చిన దినం ఒకటే వాన. బస్సు లేదు, బండి లేదు. మా బాపు పోయి రైలుకు అడ్డం నిలవడ్డడు. నడుమ యాడ ఆపొద్దని హుకుం. అయినా గార్డు సాబ్ ఎర్రజెండ ఊపి ఆపిచ్చిండు. ఆయన డబ్బాలనే పుట్టిన. పేగు మెడకు సుట్టుకోని నల్లగయిన్నట, ఏడ్వనేలేదట. ఆ ఎర్రజెండల్నే సుట్టి, టేషన్ రాంగనే దవాఖానకు పోయే బండిల అమ్మను, నన్ను ఎక్కిచ్చిండు.”

“అయ్యో! ఆ పుణ్యాత్ముడు ఇప్పుడేడ ఉన్నడు?”

“రైలు ఆపినందుకు కొలువు తీసేసిండ్రట. మావోళ్లు మస్తు దేవులాడిండ్రు, దొరకలే. అమ్మ ఇయ్యాల్టికి ఆయనను తల్సుకోకుండ బువ్వ ముట్టదు. కనవడితే కాళ్లు గడిగి ఆ నీళ్లు నెత్తిన సల్లుకుంటం అక్కా.”

అరుణ కళ్లు తుడుచుకుంది. మహేశ్వర్ భార్య ముఖం చూసి తలూపాడు. బేరం కుదిరింది. ఎక్కడున్నాడో తెలియని ఆ గార్డుకు రత్నాకర్ మనసులోనే దండం పెట్టుకున్నాడు.

పొద్దు వాలాక వాళ్లను సాగనంపి గేటు దాకా వచ్చాడు. ముసలాయన హద్దురాయికి ఆనుకుని కూర్చునే ఉన్నాడు.

“ఇంకా పోలేదా?” అని భుజం తట్టాడు.

పాషా మియా అలాగే పక్కకు ఒరిగిపోయాడు. ఊపిరి లేదు.

“అన్నా, నీళ్లు అడిగిండు,” అన్నాడు ఎల్లేష్. “నువ్వు ఇయ్యొద్దంటివని...”

ముసలాయన జేబులో ఫోన్ మోగింది. ఎల్లేష్ ఎత్తి సంగతి చెప్పాడు. కాసేపటికి మనవరాలు షహీన్ ఆటో దిగి పరుగెత్తుకొచ్చింది. తాత మీద పడి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినంత పనైంది.

“నా తప్పేం లేదమ్మా,” అన్నాడు రత్నాకర్. “ఈ పట్టా నాదని లొల్లి వెట్టిండు.”

షహీన్ తలెత్తి చూసింది.

“మాకు గుంటెడు భూమి లేదన్నా. తాత అడిగింది రైలు పట్టా.”

రత్నాకర్ తను పాతించిన హద్దురాళ్ల వైపు తిరిగి చూశాడు.

“రైలు పట్టాతోని ఆయనకేం పని?”

ఎల్లేష్ తెచ్చిచ్చిన చెప్పును తాత కాలికి తొడుగుతూ చెప్పింది షహీన్.

“‘నా ఎర్రజెండల సుట్టి ఇచ్చిన పోరడు బతికిండో లేదో, కన్ను మూసేలోపు ఒక్కసారి అడిగొస్త బిడ్డా’ అని పొద్దుగాల బయల్దేరిండన్నా.”