సిందూరం పిస్తోలు

పని బల్ల మీద వాసు గుడ్డ విప్పగానే గోవిందు రెండడుగులు వెనక్కి వేశాడు. గుడ్డలో నల్లటి పిస్తోలు ఉంది.

"ఒరేయ్, మూసెయ్! రోడ్డు మీద ఎవరైనా చూశారంటే నిన్నూ నన్నూ కలిపి తీసుకుపోతారు."

"తూటాల్లేనిది బాబాయ్. బిళ్ళ పెట్టి పేలిస్తే చప్పుడు, పొగ, అంతే. పరుగు పందేలకి." వాసు నవ్వాడు. "దీనికి రంగెయ్యాలి."

వాసు అంటే గోవిందు స్నేహితుడు లింగరాజు కొడుకు. కిందటేడు ఏదో బడిలో డ్రిల్లు మేష్టారుగా చేరాడు. గోవిందు లమ్మడా పేటలో దుకాణాలకి బోర్డులు రాస్తాడు. ఏటా దసరా ముందు గుళ్ళో అమ్మవారికి కొత్త రంగులు వేసేదీ ఆయనే. ఆ పనికి కూర్చున్న రోజు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు.

"పేలడానికి రంగుతో పనేటిరా?"

వాసు తన వెనక నించున్న పిల్లని ముందుకి తెచ్చాడు.

"ఇది మణిమాల. మా బడిలో దీనంత జోరుగా పరిగెత్తే పిల్ల లేదు. బయల్దేరడంలోనే ఎనకబడిపోతాది. దీని వరస ఎప్పుడూ ఆ చివర. నా చెయ్యీ నలుపే, పిస్తోలూ నలుపే, నా ఎనకాల చెట్ల నీడా నలుపే. ఆదివారం పందెంలో కూడా ఓడిపోతే ఇంక పరిగెత్తనని బూట్లు తెచ్చి నా బల్ల మీద పెట్టేసింది."

"జెండా ఊపరాదూ?"

"ఊపాను. మిగతా బడులోళ్ళకి పిస్తోలు, మాకు గుడ్డముక్కా అని అందరూ అలిగి కూకున్నారు."

గోవిందుకి ప్రశ్న తనే వేసి, జవాబూ తనే చెప్పుకునే అలవాటు. పిల్ల మొహంలోకి చూసి తల పంకించాడు.

"అర్దమైందిలే. బయం! నల్ల పిస్తోలు చూసి బెదురుతోంది."

"అది కాదు బాబాయ్..."

"నాకు తెలీదేట్రా? చిన్నప్పుడు టపాకాయ తెచ్చారంటే నేను మంచం కిందే ఉండేవోణ్ణి."

వాసు పిస్తోలుని గోవిందు ముందుకి జరిపాడు.

ఏ రంగు వేయాలన్నా గోవిందుది ఒకటే పద్ధతి. బోర్డు అందమెంతో వీధి చివర నించుని చూస్తేనే తెలుస్తుందంటాడు. అందుకని వాసునీ పిల్లనీ వీధి ఆ చివరనున్న టీ కొట్టు దగ్గరికి పంపాడు. తను ఈ చివర నించుని రంగులు పూసిన రేకుముక్కలు ఒక్కొక్కటే పైకెత్తాడు.

"ఊ గోవిందూ! ట్రాఫిక్ పోలీసు ఉద్యోగం వచ్చిందేటి?" అని టీ కొట్టు నడిపే బర్మీయుడు కో ఆంగ్ అక్కణ్ణుంచే కేకేశాడు. ఏళ్ళ తరబడి గోవిందు పక్కన టీ కాచి, అతనికీ తెలుగు బాగానే అబ్బింది.

పసుపుకి పిల్ల పెదవి విరిచింది. ఆకుపచ్చకి తల అడ్డంగా ఊపింది. నీలానికీ అంతే. చివరికి అటకమీద దాచిన డబ్బా మూత తీసి, అందులో ముంచిన పుల్ల ఎత్తాడు గోవిందు. పిల్ల ఎగిరి గంతేసింది.

గోవిందు మొహం మాత్రం వాడిపోయింది. అది అమ్మవారికని కలిపి పెట్టుకున్న సిందూరం రంగు.

దేవుడి రంగు తీసి పిస్తోలుకి పూయడమా? పూస్తే తప్పా? పిల్ల బెదురు పోగొట్టడానికి కాకపోతే అమ్మవారు ఎందుకున్నట్టు? ఎటూ తేలక డబ్బా పట్టుకుని అలాగే నించుండిపోయాడు.

లోపలి నుంచి ఆయన భార్య దేముడమ్మ వచ్చింది.

"ఏటయ్యా, అంత ఆలోచన? అమ్మోరి ఎనిమిది చేతుల్లో కత్తులకీ సూలాలకీ ఏటా రంగులేసేది నువ్వు కాదేటి? ఇది తొమ్మిదోదనుకో!"

గోవిందు ఫక్కున నవ్వేశాడు. మర్నాడు తలారా స్నానం చేసి, పిస్తోలుని గరుకు కాగితంతో రుద్ది, రెండు పూతలు వేశాడు. ఆరాక గుడికి తీసుకెళ్ళి అమ్మవారి పాదాల దగ్గర పెట్టి మరీ తెచ్చాడు. పూజారి అడిగితే బొమ్మ అన్నాడు. ఆ అబద్ధానికి వేరే దణ్ణం పెట్టుకున్నాడు.

పిస్తోలు తీసుకోవడానికి వాసుతో మణిమాలా వచ్చింది. గోవిందు పిల్ల నుదుట కుంకుమ పెట్టాడు.

"పేలినప్పుడు బెదరకు తల్లీ. చెవులు గట్టిగా మూసుకుని 'అమ్మా' అనుకో, చాలు."

మణిమాల ఆయన గుబురు మీసాల కేసే చూస్తూ పకపకా నవ్వింది.

ఆదివారం గోవిందూ దేముడమ్మా బస్సెక్కి బడి మైదానానికి వెళ్ళారు. మణిమాల కాళ్ళకి బూట్లున్నాయి. పిల్లలంతా గీత మీద వంగి, తలలు పక్కకి తిప్పి వాసు కేసి చూస్తున్నారు. వాసు చెయ్యెత్తాడు. చెట్ల నీడలో సిందూరం మందారంలా విచ్చుకుంది.

ఢామ్మంది పిస్తోలు. కాకులు లేచిపోయాయి. దేముడమ్మ చెవులు మూసుకుంది. ఒక్క పిల్లయినా ఉలిక్కిపడితే ఒట్టు.

మణిమాల అందరికన్నా ముందు గీత దాటింది. ఇక ఆగలేదు. రెండు బారల తేడాతో గెలిచింది.

"చూశావా! బయం ఎగిరిపోయింది!" అని గోవిందు అరచేతులు కందేలా చప్పట్లు కొట్టాడు. దేముడమ్మా కొట్టింది. కాసేపటికి ఇద్దరూ చుట్టూ చూశారు. మైదానం మొత్తం మీద చప్పట్లు కొట్టేది వాళ్ళిద్దరే. మిగతా వాళ్ళంతా చేతులు పైకెత్తి, వేళ్ళు విప్పి గాలిలో ఆడిస్తున్నారు.

దేముడమ్మకి ఒళ్ళు మండింది. పిస్తోలు పట్టుకుని నవ్వుతూ వస్తున్న వాసుని నిలదీసింది.

"ఏటిరా ఇది, గెలిచిన పిల్లకి ఒక్కరూ చప్పట్లు కొట్టరే?"

"కొడితే ఈళ్ళకెలా తెలుస్తాది పిన్నీ, మా బడిలో ఏ పిల్లకీ చెవులు వినబడవు కదా!"