చేతులు అందని చెట్లు

“అందాయా?”

“ఊహూఁ, అందలేదు!”

“అయితే వెయ్యి రంగు.”

కందిరీగ చెట్టును వదిలి, డబ్బాలో కుంచె ముంచి, బెరడు మీద ఎర్రటి పట్టీ లాగేసింది. చీటికీ మాటికీ రొద పెడుతుందని కూతురికి తండ్రి పెట్టిన ముద్దుపేరది.

వెనకాల వస్తున్న తల్లికి ఒళ్ళంతా తడి. వాన వెలిసినా ఆకుల మీంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, కాళ్ళకు జలగలొకటి. అయినా ఆమె ప్రాణానికి హాయిగా ఉంది. తండ్రీకూతుళ్ళు మాట్లాడుకుని నెల దాటింది మరి!

పుట్టినరోజుకి వస్తానని మాటిచ్చి రాలేదు ఆ మహానుభావుడు. అడవిలో ఉద్యోగం, ఎప్పుడో గానీ ఇంటి మొహం చూడడు. “నాన్నకి నాకంటే చెట్లే ఎక్కువ” అని పిల్ల మూతి బిగించింది. బొమ్మలు తెచ్చాడు, బతిమాలాడు. పలికితే ఒట్టు! పేరేమో కందిరీగ, అంత రొద పెట్టే పిల్ల నోరు విప్పదు. చివరికి తల్లే పోరు పెట్టింది.

“ఆ చెట్లేవో దానికీ చూపించండి. జలపాతం దగ్గర ఓ పూట గడిపి వద్దాం.”

ఎప్పుడడిగినా ఏదో ఒక వంక చెప్పే మనిషి, ఈసారి కాసేపు ఆలోచించి సరేనన్నాడు. ఆట కూడా ఆయనే కల్పించాడు. చెట్టును గట్టిగా కావలించుకోవాలి. అవతల చేతివేళ్ళు కలిస్తే వదిలెయ్యాలి, కలవకపోతే రంగు వెయ్యాలి.

“నాన్నా, ఇది చూడు, ఎంత లావో! దీనికి రెండు పట్టీలు వేస్తా.”

“ఒకటి చాలమ్మా.”

నాన్నా! ఆ పిలుపు వినేసరికి తల్లికి కళ్ళు చెమర్చాయి.

“మీరూ ఒకటి వెయ్యొచ్చుగా? ఊరికే డబ్బా మోస్తారేం?” అంది భర్తతో.

“చెయ్యి లేవట్లేదన్నానుగా.”

నిజమే, వారం నుంచీ భుజం నొప్పంటూ పనికి కూడా సరిగ్గా పోలేదు. రాత్రి ఆమే తైలం రాసింది.

జలపాతం హోరుకి పిల్ల ఎగిరి గంతేసింది. “ఎత్తుకో నాన్నా!” అనడమే తడవు, ఆయన ఒక్క ఊపున భుజాల మీదికి ఎత్తుకున్నాడు. నొప్పన్న ఆ చేత్తోనే.

“అమ్మో, నా తైలం బాగానే పనిచేసిందే!” అని భార్య ఎకసెక్కం చేసింది.

ఆయన పిల్లని దించి, తన మొహం ధార కింద పెట్టి, ఎంతకీ తియ్యలేదు.

“చాలండీ, కళ్ళు చూడండి ఎలా ఎర్రబడ్డాయో.”

“నాన్నా, మళ్ళీ వచ్చినప్పుడు నా చెట్లు గుర్తుపడతాను కదా?” అంది కందిరీగ.

“పదమ్మా, పొద్దుపోతోంది.”

దారి మొదట్లో జీపు ఆగి ఉంది. అందులోంచి దిగిన కూలీల మేస్త్రీ ఆయనకు నమస్కారం పెట్టాడు.

“పని అయిపోయిందా సార్? వారం నుంచీ మీకోసమే చూస్తున్నాం.”

ఆయన తల దించుకున్నాడు. కందిరీగ మాత్రం ఖాళీ డబ్బా గొప్పగా ఎత్తి చూపించింది.

“అన్నీ నేనే వేశాను! ఇప్పట్నుంచీ అవన్నీ నా చెట్లు!”

మేస్త్రీ నవ్వుతూ దాని బుగ్గ గిల్లాడు.

“శభాష్ తల్లీ, రంగున్నవన్నీ రేపు నరికేస్తాం.”