వేగానికి రెండు మార్కులు

ఫోన్ చేసిన పావుగంటకే కంప్యూటర్ల కంపెనీ మనిషి గేటు దగ్గరకొచ్చాడు.

గేటు నుంచి మేడ మీదకి రావడానికి ఇంకో పావుగంట పట్టింది.

"నత్తగారు వేంచేశారు!" అంది టైపు చేసే అమ్మాయి గొంతు తగ్గించి. పక్క బల్లల వాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

యజమానురాలికి ఒళ్లు మండింది.

అది కృత్రిమ కాళ్లు తయారుచేసే కార్ఖానా. కింద ప్లాస్టర్ దుమ్ము, పాదాల అచ్చులు, ఆకురాళ్ల రొద. మీద నాలుగు కంప్యూటర్లు. మూడు వేల మంది కాళ్ల కొలతలు వాటి కడుపులోనే ఉన్నాయి. కార్ఖానా పెట్టిన తండ్రి పోయి రెండేళ్లయింది. అప్పట్నుంచీ ఆ కుర్చీలో కూతురే కూర్చుంటోంది. వ్యాపారం చదువుకున్న మనిషి. ఏదైనా సరే, కాగితం మీద కొలిచి చూస్తేగానీ నమ్మదు.

"ఏంటండీ ఇంత నెమ్మది?"

"మెట్లు కొంచెం ఎత్తమ్మా."

"మాకు మాత్రం పల్లమా?"

ఆయన నవ్వాడు. చెడిపోయిన దాన్ని బాగుచేశాడు. ఎవరూ అడక్కపోయినా మిగతా మూడింటినీ తెరిచి చూశాడు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగి వెళ్లాడు.

ఆ సాయంత్రం మేస్త్రి పైకొచ్చాడు. పనిలో చేరి అయిదేళ్లు. నోరు కాస్త ఎక్కువ, పనితనం అంతకన్నా ఎక్కువ.

"అమ్మా, పెద్దాయన ఉన్నప్పుడు కాలు మార్చే గడువొచ్చిన వాళ్లకి మనమే ఫోన్ చేసేవాళ్లం. రెండేళ్లుగా ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడదామా?"

"అవసరమైతే వాళ్లే వస్తారు. బొట్టు పెట్టి పిలవాలా ఏంటి? అది సరే, ఇది చూడు. కంప్యూటర్ల కంపెనీకి మార్కులు వేస్తున్నా. ఉంచాలా, మార్చాలా అని."

"ఎలా వేస్తున్నారమ్మా?"

"ఏడాదిలో ఎన్ని రిపేర్లు చేశారో చూశా. ఆరు! మిగతా రోజులు ఏం చేస్తున్నట్టు? గోళ్లు గిల్లుకుంటున్నట్టా?"

"శుక్రవారం శుక్రవారం వచ్చి చూసి వెళ్తారు కదమ్మా, చెడిపోలేదు మరి."

"చెడిపోకపోవడం కూడా ఒక పనేనా? పక్కవీధి ఆఫీసులో కొత్త కంపెనీ వాళ్లు నెలకి నలభై చేస్తున్నారు. లెక్క చూపించారు."

"రోజూ డాక్టరొచ్చే ఇంటిని ఆరోగ్యమైన ఇల్లంటామా అమ్మా?"

ఆవిడ వినిపించుకోలేదు. కలం తీసింది. "వేగం. పదికి రెండు."

"అమ్మా, ఆయన నడక చూస్తే నాకెందుకో..."

"ఆ నడకే కదయ్యా నా బాధ!"

మేస్త్రి కిందికి వెళ్లిపోయాడు. ఆవిడ కంపెనీని మార్చేసింది.

పాత కంపెనీ గడువు ముగిసే రోజున ఆ కంప్యూటర్ల మనిషి వచ్చి నిలబడ్డాడు.

"కింద బీరువాలో ఒకటి చూపించాలమ్మా. ఒక్కసారి నాతో వస్తారా?"

"మీతో దిగి ఎక్కేసరికి ఆఫీసు మూసే వేళవుతుంది. ఏమన్నా ఉంటే కొత్త వాళ్లకి చెప్పండి."

ఈసారి అందరూ పైకే నవ్వారు.

కొత్త వాళ్లకీ చెప్పాడు. "పాత చెత్త మాకెందుకు సార్!" అన్నారు.

కొత్త వాళ్లు మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవాళ్లు. నెలకి ముప్పై ఫిర్యాదులు, ముప్పై రిపేర్లు. ఆవిడ మురిసిపోయి వేగానికి తొమ్మిది వేసింది.

అయిదో నెలలో వాళ్లలో ఒకడు, "మెషీన్లు బరువెక్కాయి మేడమ్, అన్నీ దులిపేస్తా" అన్నాడు.

దులిపేశాడు. మూడు వేల మంది కాళ్లూ పోయాయి.

"కాపీ ఉంటుంది కదా?" అంది ఆవిడ.

"మీ దగ్గర లేదా మేడమ్?" అన్నాడు వాడు.

కింద బెంచీల మీద పదకొండు మంది కూర్చుని ఉన్నారు, ఆ రోజు కాళ్లు ఇస్తామంటే వచ్చి.

పాత కంపెనీకి ఫోన్ చేసింది.

"ఆయనా? మీ మార్కుల కాగితం అందిన వారమే మాన్పించేశామండీ. కావాలంటే ఇంటి నంబరిస్తాం."

ఇంటి దగ్గర ఆయన భార్య ఫోన్ ఎత్తింది.

"ఆయన పోయి నెలైందమ్మా. మెట్ల మీద కాలు జారింది."

ఆవిడ తానెవరో, ఎక్కణ్నుంచి చేస్తోందో చెప్పింది.

"మీ ఆఫీసు నుంచి ఫోనొస్తుందని చాలా రోజులు చూశారు. ఎప్పుడన్నా చేస్తే చెప్పమన్నారు. ఇనప బీరువా అడుగు అరలో పాత పాదం అచ్చు ఉందట. ప్రతి శుక్రవారం కాపీ తీసి అందులో దాచేవారట."

ఆవిడ మెట్లు ఎలా దిగిందో ఆవిడకే తెలియదు.

అచ్చు లోపల అరచేతిలో పట్టే నల్లటి డబ్బా. మేస్త్రి ప్లాస్టర్ చేతులు తుడుచుకుని భద్రంగా పైకి తెచ్చాడు. టైపు చేసే అమ్మాయి తగిలించింది.

మూడు వేల మందీ తిరిగొచ్చారు. ఆఖరి అయిదు నెలల వాళ్లు తప్ప అందరూ ఉన్నారు.

"ఒకటో నంబరు నుంచీ సరిచూడు" అంది యజమానురాలు.

అమ్మాయి ఒకటో నంబరు తెరిచింది. నవ్వబోయినట్టు నోరు తెరిచి, అలాగే ఆగిపోయింది.

ఫోటోలో నత్తగారు, ఇంకా తల నెరవకముందు. కింద "ఎడమ కాలు, మోకాలి దిగువ" అని ఉంది. కొత్త కాలు గడువు దగ్గర, యజమానురాలు తండ్రి కుర్చీలో కూర్చున్న నెల వేసి ఉంది. దాని పక్కన "ఫోన్ చేసి పిలిచారా?" అన్న గడి ఖాళీగా ఉంది.