ఆటవెలదిలో ఆదివారాలు

"ఎక్కడ తప్పిందో చెప్పండి టీచరుగారూ, భరిస్తాను," అంటూ టైలరు కాగితం బల్లమీద పెట్టి నేరస్థుడిలా చేతులు కట్టుకున్నాడు.

తెలుగు టీచరు ఎర్ర పెన్ను మూత తీసింది. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం ఇదే తంతు. పద్యం రాయడం నేర్పమని వచ్చాడు మహానుభావుడు. ఒక వారం గణం తప్పుతాడు, ఇంకో వారం యతి. ఒకసారైతే ఆటవెలదికి అయిదో పాదం తగిలించుకొచ్చాడు.

"చొక్కాకు మూడో చెయ్యి కుడతారా మీరు?" అని ఆవిడ కేకలేస్తే బుద్ధిగా చెవులు పట్టుకున్నాడు. ఇంట్లో పెళ్ళి మాటెత్తితే కస్సుమనే ఆవిడ, ఈ మొద్దుబుర్ర కోసం శుక్రవారం నుంచే గుమ్మం వైపు చూడటం మొదలుపెడుతోంది. ఆ సంగతి తనకే ఒప్పుకోబుద్ధి కాదు.

కాగితం అందుకుని చదివింది.

"సూది కన్ను వెతుకు చూపు నిన్నె వెతికె..."

గుండె ఝల్లుమంది. వేళ్ళమీద గణాలు లెక్కపెట్టింది. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, సరిపోయాయి. 'సూ'కి 'చూ' యతి, అమరింది. మిగతా మూడు పాదాలూ అంతే, వంక పెట్టడానికి లేదు.

"రసం ఏమిటంటారు?" అన్నాడతను.

"శృంగారం," అంది, చెవులు వేడెక్కిపోతుంటే.

"రసం సరే, ఛందస్సో?"

ఆవిడ ఎర్ర పెన్ను పక్కన పెట్టేసింది.

"తప్పుల్లేవా! అయితే నా చదువు పూర్తయినట్టే. వచ్చే ఆదివారం నుంచి మీకు నా పీడ విరగడ!"

ఆవిడ ప్రాణం ఉసూరుమంది. బాగుందంటే మనిషి పోతాడు. బాగాలేదంటే పదేళ్ళుగా పాఠాలు చెప్పిన పరువు పోతుంది. పరువే పోనీ అనుకుని, నిక్షేపంలాంటి మూడో పాదం కింద బరబరా ఎర్రగీత గీసేసింది.

"యతి తప్పింది. వచ్చే వారం దిద్దుకు రండి," అంది తలెత్తకుండా. అబద్ధానికి సిగ్గు, ఆదివారం దక్కినందుకు సంబరం, రెండూ కలిసి ఒళ్ళంతా గాల్లో తేలుతోంది.

టైలరు గీత వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. ముఖం చాటంతయింది.

"యతి తప్పలేదండీ, మీకూ తెలుసు," అన్నాడు. "ఇన్ని వారాలూ కావాలనే తప్పులు రాశాను."