దాలయ్య చుట్టు

లక్ష్మణమ్మకున్న భయాలన్నిటిలోకీ పెద్ద భయం ఒక్కటే. పరిగెత్తే బండి మీంచి మొగుడు పడిపోవడం, తాడు చేతికే ఉండిపోవడం, ఎడ్లు ఆగకపోవడం. అదంతా తన కళ్లతో చూడాల్సి రావడం.

పిల్ల పుట్టి ఆరు నెలలు. అప్పట్నుంచి ఆ భయం మరీ ముదిరింది.

అరవై ఎనిమిది వేసవిలో, అమ్మవారి పండక్కి, సాలూరు రోడ్డు పక్క కోసేసిన పొలాల్లో ఎడ్లబళ్ల పందెం పెట్టారు. ఎవరైనా బండి కట్టుకోవచ్చు. ఆమె మొగుడు చినబాబు కట్టడం అదే మొదలు.

"సూడే, మూడు సుట్లు తిప్పి ముడేస్తే ఇంక పగ్గం జారదు. దాలయ్య సుట్టు ఇది!" అని కుడి మణికట్టుకు తాడు చుట్టి పెళ్లానికి చూపించి, మళ్లీ విప్పాడు.

ఆ చుట్టు తెలియని బండివాడు అక్కడ లేడు. దాలయ్య ఏడేళ్లు వరసగా గెలిచాడట. ఆ తరవాత అస్సాం తోటలకి పోయాడని కొందరు, కలకత్తా మిల్లులో చేరాడని కొందరు. మనిషిని ఎరిగినవాళ్లు ఇప్పుడు తక్కువ. చుట్టు మాత్రం మిగిలింది.

పొద్దుటి నుంచీ ఒక ముసలాయన బళ్లు పరిగెత్తే దారి వెంట చెప్పుల్లేకుండా నడుస్తున్నాడు. కుడి చేతికి తువ్వాలు చుట్టుకుని, ఎడమ చేత్తో రాళ్లేరి గట్టవతలికి విసురుతున్నాడు.

"తాతా, మా పొలం కూడా అలగే బాగుసేసెళ్లు!" అని బళ్లవాళ్లు నవ్వారు.

ఆయన చేతిలోని రాయి విసిరేసి, చినబాబు బండి దగ్గరికొచ్చి ఆగాడు.

"ఇదే మొదలా బాబూ?"

"అయితే ఏటి?"

"మలుపు కాడ ఎవుడినీ దాటకు. ముందు బండికి దూరంగుండు. తాడు సేతికి సుట్టకు, గుప్పిట్లో పట్టుకో. పడితే ఒదిలీగలగాల."

"దాలయ్య సుట్టుకే వొంక పెడతన్నావా? నువ్వెప్పుడైనా బండెక్కిన మొగమేనా?"

ముసలాయన కుడి చేతి తువ్వాలు సర్దుకున్నాడు.

లక్ష్మణమ్మకు ఒళ్లు మండింది. "పందేనికెల్లే మనిసితో పడితే గిడితే అని ఏటా మాటలు? ఎలిపో తాతా."

చినబాబు మొహం కడుక్కోడానికి బావి దగ్గరికి వెళ్లాడు. బండికి లక్ష్మణమ్మే కాపలా. పిల్ల గుక్కపట్టింది. పాలివ్వడానికి అటు తిరిగి కూర్చుంది. మళ్లీ ఇటు తిరిగేసరికి ముసలాయన పగ్గాల మీద వంగి ఉన్నాడు.

"ఏటి సేస్తన్నావు?"

"ఏట్నేదమ్మా. తాడు సూస్తన్నాను." మొలలో ఏదో దోపుకుంటూ లేచి పిల్ల వంక చూశాడు. "దీని పేరేటి?"

"నీకేల?"

ఆయన తలూపి వెళ్లిపోయాడు.

డప్పులు మోగాయి. ఎనిమిది బళ్లు కదిలాయి. రెండోసారి తిరిగి వస్తూ, సరిగ్గా మలుపు దగ్గర, చినబాబు ముందు బండిని దాటబోయాడు. చక్రం గట్టెక్కింది.

లక్ష్మణమ్మ అంతా చూసింది. ముందు మొగుడు పడ్డాడు. పగ్గాలు చేతిని పట్టి లాగాయి. రెండు బారల దూరం ఈడ్చాయి. వెనక బళ్లు వచ్చేస్తున్నాయి. అప్పుడు తెగింది తాడు. ఎడ్లు వాటి దారిన అవి పోయాయి. చినబాబు దొర్లి గట్టు కింద పడ్డాడు.

ఆమె పిల్లను చంకనేసుకుని గట్టు దగ్గరికి నడిచింది.

మోచేతులు చెక్కుకుపోయాయి, అంతే. చినబాబు కోపంతో ఊగిపోతున్నాడు.

"తాడు తెగబట్టి పడ్డాను గానీ, గెలిసీవోణ్ని!"

తెగిన కొస పైకెత్తి చూపించాడు. సగం పీచులు పీచులుగా ఉంది. మిగతా సగం కత్తితో కోసినట్టు నున్నగా ఉంది.

"ఎవుడో కోసీసినాడు. బండి కాడికి ఎవుడొచ్చాడే?"

అందరూ లక్ష్మణమ్మ వైపు తిరిగారు. ముందు పడ్డాడు, తరవాత తెగింది. ఆ మాట ఆమె నోటిదాకా వచ్చింది. పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. వేలెత్తి ముసలాయన్ని చూపించింది.

ఇంకేముంది. తోశారు. పడితే తన్నారు.

"ఎవుడంపాడు నిన్ను? సెప్పు!"

"బతికాడు కదేటి," అన్నాడాయన.

"కత్తి ఇందులో దాసినాడు," అని చినబాబు ఆయన చేతి తువ్వాలు పట్టి లాగాడు.

కత్తి లేదు. ముసలాయన చెయ్యి మణికట్టు దాకానే ఉంది.

పట్టుకున్నవాళ్లు వదిలేశారు. ముసలాయన ఎడమ చేత్తో తువ్వాలు తీసుకుని, దులుపుకుని, సాలూరు రోడ్డెక్కాడు. లారీల దుమ్ములో కాసేపు కనిపించాడు, తరవాత లేడు.

లక్ష్మణమ్మ మొగుడి పక్కన కూర్చుని, అతని చేతికి మిగిలిన తాడు విప్పసాగింది. ఒక చుట్టు. రెండు. కింద చర్మం నల్లగా కమిలి ఉంది.

పందెం పెట్టిన నరసింగరావు విస్తరాకు పొట్లంతో వచ్చాడు.

"రాళ్లేరీ ఆయనేడి? పొద్దుట్నించి ఏటీ తిన్నేదు."

అందరూ సాలూరు రోడ్డు వైపు చూశారు.

"ఏట్రా, అలగ సూస్తారు? ఏటేటా ఒస్తాడు. పేరు సెప్పొద్దంటాడు, సిగ్గంట. ఈ మలుపులోనే ఆయన సెయ్యి పోయింది, తాడు ఊడిరాక."

లక్ష్మణమ్మ వేళ్లు మూడో చుట్టు మీద ఆగిపోయాయి.

"పేరేటి బాబూ?" అంది.

నరసింగరావు చెప్పాడు.

సాలూరు వైపు వెళ్లేవాళ్లెవరికైనా కుడి చేతికి తువ్వాలు చుట్టుకున్న ముసలాయన కనిపిస్తే, దెబ్బలు మానాయో లేదో, అన్నం తిన్నాడో లేదో ఒక్కసారి కనుక్కోండి. దాలయ్యా అని పిలిస్తే పలుకుతాడు.