రెండడుగులు తక్కువ

“వెనక్కి రా బాబూ. ఇవాళ ఆ అంచు మీద పని లేదు,” అన్నాడు సేఫ్టీ ఆఫీసరు.

గోదాము కప్పు అంచున మోకాళ్ళ మీద కూర్చుని ఉన్న ఫిట్టరు తన అన్న మొహం చూశాడు. అన్నే అక్కడ మేస్త్రీ.

“బెల్టు పెట్టుకున్నాడు కదా సార్,” అన్నాడు మేస్త్రీ. తమ్ముడి వీపుకి తగిలించిన తాడు, దూలానికి వేలాడే డబ్బాలోకి దానంతటదే చుట్టుకుంటోంది. “పడ్డాడంటే డబ్బా చటుక్కున పట్టేస్తుందని మీరే చెప్పారు. ఆ మబ్బు చూడండి. ఈ అంచు రేకు బిగించకపోతే సరుకంతా తడిసి ముద్దవుతుంది.”

“పట్టేస్తుంది. ఎన్నడుగులు పడ్డాక?”

ఆఫీసరు టేపు తీశాడు. చాటున అందరూ ఆయన్ని ‘టేపు’ అనే పిలుచుకుంటారు. పని ఆపేవాడి పక్కన కూర్చుని ఎవరు తింటారు? మధ్యాహ్నం ఆయన అన్నం క్యారేజీ విప్పుకునే మెట్టు మీద ఇంకో మనిషికి చోటుంటుంది. ఎనిమిది నెలలుగా ఖాళీగానే ఉంది.

“నిలబడ్డవాడు పడితే తాడు ఆగి, బెల్టు సాగి, కాళ్ళ కింద కాస్త ఖాళీ మిగలాలంటే ఆరున్నర అడుగులు కావాలి. ఇతను మోకాళ్ళ మీదున్నాడు. పడితే మడిచిన కాళ్ళు కిందికి చాచుకుంటాయి, దానికి ఇంకో మూడు. డబ్బా నెత్తి మీద లేదు, పక్కకుంది. ఊగుతూ పడతాడు. ఇంకో రెండున్నర. మొత్తం పన్నెండు.”

“కింద పద్దెనిమిది ఉంది కదండీ.”

“నేల దాకా పద్దెనిమిది. అంచు కిందున్న ఆ రేకుల గది కప్పు దాకా పదే.”

“డబ్బాని ఇటు జరిపితే?”

“దూలం అక్కడితోనే అయిపోయింది అన్నయ్యా,” అన్నాడు తమ్ముడు. “నేనే కాస్త పొట్టిగా పుట్టాల్సింది.”

“రెండడుగులకి ఇంత రాద్ధాంతమా సార్?”

“మీ తమ్ముడి కాళ్ళు ఆ రెండడుగుల్లోనే ఉంటాయి. గది విప్పించండి. మన కంపెనీదే. నాలుగు బోల్టులు, గంట పని.”

మేస్త్రీకి ఒళ్ళు మండింది. ఆ గది తలుపు వెనక సందులోకి ఉంటుంది. పైనుంచి కప్పు, పక్కన బట్టల తీగ తప్ప అతనేమీ చూడలేదు.

“అందులో ఎవరో ఉంటున్నారండీ. రోజూ తీగ మీద తువ్వాలు ఆరేసి ఉంటుంది.”

“ఒకటే తువ్వాలు. ఒక్కడి సామాను సర్దడానికి ఎంతసేపు?”

“వానొచ్చే వేళకి మనిషిని వీధిలోకి గెంటమంటారు. ఇల్లంటూ ఒకటి ఏడిస్తే తెలిసేది సార్ మీకు. లెక్కలే గానీ మనసు లేదు.”

టేపు ఏదో అనబోయాడు. మబ్బు వంక చూసి మానుకున్నాడు.

“బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. కాస్త నూనె తీసుకురండి,” అన్నాడు.

ముగ్గురూ కిందికి దిగి, గోడ చుట్టూ తిరిగి సందులోకి వెళ్ళారు. తమ్ముడు ముందు నడిచి తలుపు తట్టబోయి ఆగాడు. తాళం వేసి ఉంది.

మేస్త్రీకి ఎందుకో ఊరటగా అనిపించింది.

“మనిషి లేడు సార్. అతనొచ్చేదాకా ఆగాల్సిందే.”

“వచ్చాడు,” అంటూ టేపు జేబులోంచి తాళంచెవి తీశాడు.