మొదటి ముద్ద

“మేడం, మా శ్వేతను ఒకసారి బయటికి పంపియ్యండి!”

తరగతి గుమ్మంలో ఈశ్వరి రొప్పుతూ నిలబడింది. బోర్డు మీద పెద్ద పళ్లెం బొమ్మ గీస్తున్న సునీత టీచరు చేతిలో సుద్దముక్క ఆగింది. అన్నం, పప్పు, ఆకుకూర అయ్యాయి. గుడ్డు సగంలో ఉంది.

“ఏమైంది ఈశ్వరమ్మా?”

“జొరం మేడం. పొద్దున్నించీ బిడ్డకు ఒళ్లు కాలిపోతాంది. ఇంటికి పంపిస్తా.”

“నాకేం జొరం లేదు!” ముందు బెంచీలోంచి శ్వేత అరిచింది. “మాయమ్మ అబద్ధం సెప్తాంది టీచర్!”

పిల్లలంతా ఘొల్లుమన్నారు.

ఈశ్వరి భయాలు ఆ బడికి కొత్త కాదు. కూతురు రెండుసార్లు దగ్గితే ఆదోని పెద్దాసుపత్రికి ఎత్తుకుపోయే మనిషి. మబ్బు పడితే, పిడుగు శ్వేత నెత్తినే పడుతుందనుకునే రకం.

సునీత ఆ పిల్ల నుదురు తాకింది. “చల్లగానే ఉంది కదమ్మా. ఈ రోజు శ్వేత వంతు. ఎన్నాళ్లుగానో ఎదురు చూస్తోంది.”

ఆ బడిలో అదొక ఆనవాయితీ. వారానికోసారి, తిండి పాఠం చెప్పిన రోజు, మధ్యాహ్నం బంతిలో ఒకరు లేచి నిలబడాలి. ఏది తింటే ఏం బలమో చెప్పి మొదటి ముద్ద తినాలి. చప్పట్లు కొట్టాకే మిగతావాళ్లు పళ్లెంలో చెయ్యి పెట్టాలి.

“పప్పు తింటే కండ, ఆకుకూర తింటే రక్తం...” శ్వేత వేళ్లు మడుస్తూ అప్పజెప్పింది. “అంతా వచ్చు మా. నేనే తింటా మా.”

ఈశ్వరి కూతురి రెక్క పట్టుకుని గుమ్మం దాకా లాక్కొచ్చింది. పళ్లు నూరుతూ చెవిలో చెప్పింది.

“ఇంట్లో అవ్వ ఉంది. సంగటి ఉంది. అది తిను. ఈడ మెతుకు ముట్టినావో, సంపుతా!”

తర్వాత టీచరు వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. “మీకూ ఆడబిడ్డ ఉంది మేడం. నా భయం మీకు తెలీదా?”

సునీత నిట్టూర్చింది. “సరే, పంపించు. షాకిర్, నీకు పాఠం వచ్చా? ఈ రోజు మొదటి ముద్ద నీదే.”

“వచ్చు టీచర్! శ్వేత గుడ్డు కూడా నాకే!”

షాకిర్ ఈశ్వరి ఎదురింటి షహనాజ్ కొడుకు. ఒక్కగానొక్కడు. ఈశ్వరిని చూసి పళ్లికిలించాడు. “అత్తా, రెండు గుడ్లు నాకు!”

ఈశ్వరి నోరు తెరిచింది. చెబితే ఏమవుతుందో కళ్ల ముందు ఆడింది.

“బాగా తినప్పా,” అంది.

ఏడ్చుకుంటూ పోతున్న కూతురు సందు మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడి, ఈశ్వరి బడి వెనక వంటగదిలోకి తిరిగొచ్చి, నూట ఇరవై మందికి తాను వండిన పప్పులోంచి ఉడికిన బల్లిని గరిటెతో తీసి పారేసి, భోజనాల గంట కొట్టమని కేకేసింది.